వదిన బల్లకు అంచు

ప్రతి ఉదయం షెడ్డు తలుపు తీయగానే అంచులమ్మ మొట్టమొదట చేసే పని ఒకటుండేది. కిటికీ కింద స్టూలు లాక్కుని కూర్చుని, చెక్క కోసే మిషను ఇనుప బిట్లు గుచ్చి ఉంచే చెక్క దిమ్మను ఒళ్ళోకి తీసుకునేది. ఒక్కొక్క బిట్టునూ పైకి లాగి, కిరసనాయిలు అద్దిన గుడ్డతో నిన్నటి జిగురూ మసీ తుడిచి, దాని అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూసేది. జారితే పదును పోయినట్టు, పట్టుకుంటే ఉన్నట్టు. అన్నీ చూశాక దిమ్మ మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, "దేవుడా, ఈ పూటకి వీటి పదునూ ఉండనీ, నా వేళ్ళూ ఉండనీ" అనుకునేది. అంతకుమించి కోరేది కాదు. పొద్దున్నే లోకమంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, ఆయనకు మాత్రం ఊపిరాడొద్దా అనేది.

అంచులమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. వడ్రంగం షెడ్డులో గరుకు కాగితం పట్టే పనికి చేరిన కొత్తలో ఆమెను ఎవరూ ఏ పేరుతోనూ పిలిచేవారు కాదు, "ఇదిగో" అంటే సరిపోయేది. బల్లలకు అంచులు గుండ్రం చేసే పనంటే అక్కడి మగవాళ్ళకు విసుగు. గానుగెద్దులా బల్ల చుట్టూ తిరగాలి, చెవులు హోరెత్తిపోవాలి, చివర్లో ఒక్క పేడు లేచిందంటే మొత్తం పలక పాడు. ఒకనాడు షెడ్డు యజమాని, అందరూ మేస్త్రీ అని పిలిచే పెద్దాయన, విసుక్కున్న మనిషి చేతిలోంచి మిషను తీసుకుని ఆమె చేతికిచ్చాడు. ఆమె పలక చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగి వచ్చి మిషను దించేసరికి, మేస్త్రీ అంచు మీద అరచెయ్యి రాసి చూసి, "ఇక నువ్వు అంచులమ్మవే" అన్నాడు. పేరు అతుక్కుపోయింది.

ఆ మిషనును రూటరు అంటారు. రెండు చెవులున్న ఇనుప కుండలా ఉంటుంది. పొట్టలో మోటారు, అడుగున బొటనవేలంత బిట్టు. గుండ్రం అంచుకు వాడే బిట్టు కింద బఠాణీ గింజంత చక్రం ఉంటుంది, దాన్ని బేరింగు అంటారు. అది పలక పక్కనే ఆనుకుని దొర్లుతుంటే పైన బిట్టు మూలను తినేసి గుండ్రంగా తీర్చుతుంది. బేరింగుకు అబద్ధం చేతకాదు. పలక పక్క ఎగుడుదిగుడుగా ఉంటే అంచు కూడా అలాగే వస్తుంది.

ఇందులో మరచిపోకూడని సంగతి ఒకటే. బిట్టు తిరిగే వాటానికి ఎదురు నడవాలి. పలకకు ముఖం పెట్టి నిలబడితే ఎడమ నుంచి కుడికి. అలా వెళ్తే మిషను మన తోపును ఎదిరిస్తూ ఉంటుంది, చేతిలో అదుపు ఉంటుంది. అటు నుంచి ఇటు వచ్చామో, తాడు తెంపుకున్న దూడలా లాక్కుపోతుంది. అంచులమ్మ ఎన్నడూ ఆ తప్పు చేయలేదు. "నాకు ఎదురెళ్ళడం కొత్తా? మా వదినతో ఒకే ఇంట్లో ఉంటున్నా" అని నవ్వేది.

ఆ వదిన సంగతి చెప్పాలి. తల్లి పోయిన ఇంటికి ఆవిడ కోడలై వచ్చేనాటికి అంచులమ్మ చిన్నపిల్ల. చిక్కులు పడిన ఆ తల చూసి, కొత్త పెళ్ళికూతురు మెట్టు మీద కూర్చుని దువ్వెన అడిగి, మధ్యాహ్నం దాకా ఒక్కొక్క చిక్కే విడదీసిందట. విడదీస్తున్నంతసేపూ తిడుతూనే ఉందట. ఆవిడ ప్రేమ ఎప్పుడూ తిట్లు తొడుక్కునే బయటికి వచ్చేది. బట్టలు కుట్టడంలో ఆవిడ పెట్టింది పేరు. కుట్టడం కన్నా కత్తిరించడంలో. గుడ్డను ఒకసారి విదిలించి బల్ల మీద పరిచి, సుద్దతో నాలుగు గీతలు గీసి, బరువైన పెద్ద కత్తెర పట్టుకుందంటే చూసేవాళ్ళు మాటలాపేసేవారు.

తర్వాత వెన్నులో జబ్బు చేసింది. ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చిన రోజున గుమ్మం దగ్గర అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడే, "ఏడుపులు ఆపి ఎవరైనా కాస్త తొయ్యండి. ఇక జన్మలో నా చెప్పులు అరగవు, అదొక లాభం" అంది.

అయితే బల్ల దగ్గర మాత్రం ఆ మాటకారితనం పనిచేయలేదు. పాత బల్లకు కాళ్ళు తగ్గించినా కుర్చీ చేతులు బల్ల అంచుకు కొట్టుకుని అక్కడే ఆగిపోయేవి. గుడ్డ మధ్యకు చెయ్యి అందేది కాదు. పక్కకు తిరిగి కూర్చుని, ఒంటి చేత్తో సాగి ఒకావిడ పట్టు గుడ్డ కత్తిరించింది. అన్నేళ్ళలో తప్పని చెయ్యి ఆరోజు తప్పింది. గుడ్డ గలావిడ మంచిది, ఒక్క మాట అనలేదు, "పోనీలెండమ్మా, చిన్నపిల్లకు గౌను అవుతుంది" అంది. ఆ మంచితనమే వదినకు మరీ గుచ్చుకుంది. ఆనాటి నుంచి కత్తెరకు గుడ్డ చుట్టి బీరువాలో పెట్టేసింది.

ఒక సాయంత్రం ముగ్గురూ అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు వదిన కంచంలోకి చూస్తూ, "ఆదివారం బొత్తాలమ్మ వస్తుంది. కత్తెర ఇచ్చేస్తున్నా" అంది.

బొత్తాలమ్మ అంటే పక్క వీధిలో బొత్తాలూ జిప్పులూ కుట్టే ఆమె. ఈమధ్యే బట్టలు కత్తిరించడమూ మొదలుపెట్టింది.

"ఏ కత్తెర?" అన్నాడు అన్నయ్య. సామాను బండి నడుపుతాడు, ఇంటికి వచ్చేసరికి సగం నిద్రలో ఉంటాడు.

"ఇంటినిండా కత్తెరలున్నట్టు అడుగుతారేం? నా కత్తెర."

"ఉండనీరాదూ బీరువాలో. అన్నం అడుగుతోందా?"

"గోడకు తగిలించుకుని చూసుకోడానికి అదేమన్నా మన పెళ్ళి ఫోటోనా? వాడకపోతే తుప్పు పడుతుంది. చేతనైనవాళ్ళ దగ్గర ఉంటే దానికీ మర్యాద. నా దగ్గరికి వచ్చేవాళ్ళను కూడా ఆవిడ దగ్గరికే వెళ్ళమని చెప్పేశా."

అంచులమ్మ ముద్ద మింగలేదు. కత్తెర ఒక్కటే పోవడం కాదు అది. ఆ కత్తెర గడప దాటితే వదిన మళ్ళీ గుడ్డ ముందు కూర్చోదు. కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బళ్ళు చూస్తుంది, తిట్టడం కూడా తగ్గించేస్తుంది. ఆ ఇంట్లో అంతకన్నా భయం ఇంకేముంది?

"వదినా, ఆదివారం దాకా ఆగు" అంది.

"ఆదివారమే కదా అన్నాను! చెవుల్లో పొట్టు దూరిందా?"

మర్నాడు షెడ్డులో బిట్లు తుడవడం అయ్యీ కాకముందే అంచులమ్మ మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. గోడకు చేరవేసి ఉన్న పెద్ద పలకను చూపించింది. ఎవరో భోజనాల బల్లకని చెప్పి, తర్వాత రంగు నచ్చలేదని వదిలేసిన పలక అది. మందంగా, నిండుగా, చెక్క నార పొడుగునా తలదువ్వినట్టు సాఫీగా ఉంది.

"మేస్త్రీ, అది నాకు కావాలి."

"ఎవరికి?"

"మా వదినకి. ముందువైపు మధ్యలో అర్ధచంద్రంలా లోపలికి కోసేస్తాను. కుర్చీతో సహా బల్లలోకి దూరిపోవాలి మనిషి. రెండు వైపులా చేతులు ఆనాలి, గుడ్డ ముందు పరుచుకోవాలి."

మేస్త్రీ పలక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "అంత మంచి పలకకు పొట్ట కోసేస్తావా?"

"కోసేస్తా."

"తీసుకుపో." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ పట్టు జాకెట్టు మీ వదినే కత్తిరించింది. ఇప్పుడు పట్టట్లేదని గొడవ, కానీ అది జాకెట్టు తప్పు కాదులే." తర్వాత నవ్వు ఆపి, వేలితో గాల్లో వంపు గీసి చూపించాడు. "చూసుకో మరి. లోపలి వంపు కదా. రూటరుతో అంచు తిప్పేటప్పుడు ఎడమ సగం వెన్నలా వస్తుంది. కుడి సగం దగ్గర నార ఎదురు తిరుగుతుంది. పేడు లేపుతుంది."

"చూసుకుంటా."

"మిషను ఇంటికి పట్టుకెళ్ళు. సోమవారం తెచ్చెయ్యి" అని, ఆమె దండం పెట్టబోతుంటే చూడనట్టు అటు తిరిగి ఎవరినో కేకేశాడు. మేలు చేసి మొహం తప్పించే మనుషులు కొందరుంటారు. లోకం వాళ్ళ మీదే నిలబడిందని నాకు అనిపిస్తుంది.

అంచులమ్మ కొలతలు గుట్టుగా తీసుకుంది. వదిన మంచం మీద పడుకున్నప్పుడు కుర్చీ వెడల్పు, చేతుల ఎత్తు, ముందు నుంచి వీపు దాకా లోతు, అన్నీ చూసుకుంది. షెడ్డులో పలక మీద మేకు కొట్టి, దారం కట్టి, పెన్సిలుతో అర్ధచంద్రం గీసింది. చిన్న రంపం మిషనుతో కోసి, గరుకు కాగితం చుట్టిన చెక్కముక్కతో పక్కలు సాపు చేసింది. అంచు తిప్పేముందు ఒకసారి ఇంట్లో కుర్చీని దూర్చి సరిచూసుకుంటే మంచిదనుకుంది. శనివారం అన్నయ్య బండిలో పలకను తెచ్చి, వెనక వరండాలో రెండు కర్ర స్టాండ్ల మీద పరిచి పెట్టారు.

వదిన చక్రాలు తిప్పుకుంటూ వచ్చి చూసింది. ముక్కు మీద కోపం సిద్ధంగా ఉంది.

"ఏమిటిది?"

"నీ బల్ల."

"నేను అడిగానా?"

"లేదు."

"మరి? ఆడపడుచు పెత్తనం ఇన్నాళ్ళకు చూపిద్దామనుకున్నావా?"

"ఊ. ఒకసారి లోపలికి వచ్చి కూర్చో."

అన్నయ్య గోడకు చేరగిలబడి, తన మీదికి రాకుండా చూసుకుంటూ బూటు లేసు విప్పుకుంటున్నాడు. వదిన ఇద్దర్నీ ఒకసారి చూసి, ఏమనుకుందో, కుర్చీని ముందుకు తోసింది. సొరుగు బల్లలోకి దూరినట్టు కుర్చీ వంపులోకి సాఫీగా దూరింది. రెండు పక్కలా ఇంత సందు కూడా సమంగా ఉంది. అంచులమ్మ మొహం వెలిగిపోయింది.

వదిన కదలకుండా కూర్చుంది. కాసేపటికి చేతులెత్తి బల్ల మీద ఆనించబోయింది. కుర్చీ చేతుల ముందు కొసలు వంపు లోపలి గుండ్రానికి తగిలి ఆగిపోవడంతో ఒళ్ళు బల్లకు జానెడు దూరంలో ఉండిపోయింది. మోచేతులు గాల్లో వేలాడుతున్నాయి. కుడి భుజం ముందుకు గుంజుకుపోయింది.

"భలే కుట్టావే" అంది వదిన. "కుర్చీకి అతికినట్టు సరిపోయింది. మరి మనిషికో?"

అంచులమ్మ వంగి, వంపుకూ వదిన ఒంటికీ మధ్య ఉన్న సందు చూసింది.

"కొలతలు దేనివి తీశావు?"

"కుర్చీవి."

"ఓసి పిచ్చిదానా! వడ్రంగుల బుద్ధి పోనిచ్చుకున్నావు కావు. ఎప్పుడు చూసినా చెక్కని కొలుస్తారు, మనిషిని కొలవరు. నా దగ్గరికొచ్చి ఒకావిడ పాత జాకెట్టు పడేసి, దీని కొలతలు తీసుకోండి అంటే తీసుకుంటానా? అది అప్పటికే బిగుతై చస్తుంటుంది. ఒంటిని కొలవాలి. ఒళ్ళు ఎలా వంగుతుందో చూడాలి."

అన్నయ్య బూటు లేసు మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు.

అంచులమ్మకు దిగులు వేసింది. ఇంత కష్టపడి కోసినది తప్పయిందని కాదు, అది నిజంగా తప్పే. రేపే ఆదివారం. పలక మళ్ళీ దొరకదు. అయినా ఆమె మిషను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నిదానంగా, "అయితే నువ్వే కొలువు వదినా. నేను మళ్ళీ కోస్తా" అంది.

"నేనెందుకు కొలవాలి? నాకొద్దు నీ బల్ల."

"వద్దులే. తప్పు ఎక్కడుందో చెప్పు చాలు. చెప్పకపోతే ఇంకో మనిషికి కూడా ఇలాగే కోస్తాను."

ఆ మాటకు వదిన చెయ్యి దానంతటదే నడుము పక్కన కుట్టుకున్న జేబులోకి వెళ్ళింది. కుట్టుపని చేసినన్నాళ్ళూ సుద్దముక్క ఉండే జేబు అది. లోపల అరిగిపోయిన తునక ఒకటి ఇంకా ఉంది. తప్పుడు గీత కళ్ళెదుట ఉంటే ఊరుకోగల మనిషి కాదావిడ. కుర్చీ చేతులు రెండూ పైకి లాగి విప్పెయ్యమంది. అవి ఊడి వస్తాయని ఆడపడుచుకు తెలియనే తెలియదు. పాత బల్ల దగ్గర అవి తీస్తే పక్కలకు ఆనిక లేక వదిన ఒరిగిపోయేది, ఇక్కడ ఆ ఆనిక బల్లే ఇస్తుంది. కుర్చీని ముందుకు తోసుకుని, కుడిచెయ్యి చాచి, కత్తెర పట్టినట్టు వేళ్ళు ముడిచి గాల్లో కోసింది. ఎడమచేత్తో గుడ్డ అదిమినట్టు అదిమింది. మోచెయ్యి ఎక్కడ వాలుతోందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టింది. మళ్ళీ చాచింది, మళ్ళీ గుర్తు. ఆ తర్వాత ఒకే ఊపున గీత గీసింది.

అది అర్ధచంద్రం కాదు. ఎడమ పక్కన లోతుగా మొదలై, కడుపు దగ్గర చదునై, కుడి పక్కన కాస్త ముందుకు వచ్చి మెల్లగా తిరిగింది.

"ఇదేమిటో తెలుసా?" అంది వదిన. "చంక మలుపు. జాకెట్టుకి చెయ్యి అతికే చోట ఇలాగే కోస్తాం. చెయ్యి కదిలే చోట గుండ్రం పనికిరాదు."

ఆ గీతను చూస్తుంటే అంచులమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. దేన్నీ పైకి రానివ్వలేదు. వదిన సుద్దముక్క జేబులో వేసుకుని, చక్రాలు వెనక్కి తిప్పుకుంటూ, "మురిసిపోకు. తప్పు దిద్దాను, అంతే. కత్తెర మాత్రం రేపు పోతుంది" అంది.

ఆదివారం పొద్దున్న ప్రార్థన ముగించుకుని, గంజి తాగి, అంచులమ్మ వరండాలోకి వచ్చింది. సుద్ద గీత వెంట రంపం మిషనుతో కోసింది. పక్కల్ని గరుకు కాగితం చుట్టిన చెక్కముక్కతో రుద్ది రుద్ది, బేరింగు దొర్లే దారిలో వేలికి ఒక్క గతుకు తగలకుండా చేసింది. తర్వాత బిట్ల దిమ్మ తెరిచి ఆలోచనలో పడింది. చిన్న గుండ్రం బిట్టు వేస్తే అంచు ఇంకా గట్టిగానే ఉంటుంది, రోజంతా మోచేతులు ఆనించేవాళ్ళకు గీరుకుపోతుంది. మరీ పెద్దది వేస్తే బల్ల మీద పెట్టిన సూదులు, సుద్దలు దొర్లి ఒళ్ళో పడతాయి. మధ్యరకం తీసింది. గోటి మీద ఆనించి చూసింది. పట్టుకుంది.

ముందు పలక రెండు చివర్ల అంచులూ తిప్పింది, అక్కడ నార అడ్డంగా తెగి మూలల్లో చిన్న పెచ్చులు లేస్తాయి గనక. తర్వాత పొడుగు పక్కలు తిప్పేసరికి ఆ పెచ్చులు వాటంతటవే కొట్టుకుపోయాయి. మిషను హోరు, పొట్టు వాన. చివరికి వంపు దగ్గరికి వచ్చింది. ఎడమ సగం మేస్త్రీ చెప్పినట్టే వెన్నలా వచ్చింది. కడుపు దగ్గర చదునూ బాగానే దాటింది. కుడి మలుపు మొదలవగానే మిషను గొంతు మారింది. గరగరమంది. ఆమె తోపు తగ్గించేలోపే టప్ మని చప్పుడు. వేలెడు పొడుగున పేడు లేచి ఎగిరిపోయింది.

మిషను ఆపింది.

లేచిన చోటు సరిగ్గా వదిన కుడి మోచెయ్యి ఆనే చోటు.

లోపల్నుంచి చక్రాల చప్పుడు వినబడింది. వదిన గుమ్మంలో ఆగింది. ఇంకో రోజైతే ఒక మాట అనేదే. ఆరోజు అనలేదు. కుర్చీ మీద ముందుకు వంగి నేలంతా కళ్ళతో గాలించి, "అదిగో, ఆ కాలి దగ్గర, పొట్టులో" అంది.

నిజంగానే పేడు అక్కడుంది. అంచులమ్మ దాన్ని ఊది, లేచిన చోట పెట్టి చూసింది. నారకు నార కలిసింది. జిగురు రాసి, గుడ్డపీలిక బిగించి కట్టి, ఆరేదాకా దాని పక్కనే కూర్చుంది. ఎండ వరండాలోకి జరుగుతూ వచ్చింది. అన్నయ్య ఏమీ అడక్కుండా మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

"ఇప్పుడేం చేస్తావు?" అంది వదిన.

"ఈ సగానికి అటు నుంచి రావాలి."

"అటు నుంచి వస్తే మిషను లాక్కుపోతుందనేదానివిగా?"

"పోతుంది."

"మరి?"

"పోనివ్వను."

"గుడ్డా అంతే" అంది వదిన. "మలుపు ఒకే దమ్మున కోసుకుంటూ పోతే రెండో సగంలో సాగి చస్తుంది. రెండు వైపుల నుంచీ కిందికే రావాలి. కొంచెం కొంచెంగా."

"కొంచెం కొంచెంగానే" అంది అంచులమ్మ.

బిట్టును పైకి జరిపింది. ఈ చుట్టుకు వెంట్రుక మందం మాత్రమే తినాలి. పలకను స్టాండ్లకు క్లాంపులతో మళ్ళీ బిగించింది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు డొక్కలకు అదిమి, తన బరువంతా మిషను మీద వేసి నొక్కింది. వదిన ఎవరూ చెప్పకుండానే కుర్చీని గోడ దగ్గరికి తోసుకుని, మిషను చెయ్యి దాటితే కరెంటు ఆపేద్దామని స్విచ్చు మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆ మిషను చప్పుడంటే ఆవిడకు చచ్చేంత భయం. మొహం చిట్లించి, పెదాలు కదుపుతూ, అటే చూస్తూ కూర్చుంది.

మిషను పలకకు తగలగానే ముందుకు ఉరకబోయింది. అంచులమ్మ భుజాలు గుంజుకుపోయాయి. పట్టు వదల్లేదు. కుడి కొస నుంచి లోపలికి, బెత్తెడు దూరం, ఆగింది. మళ్ళీ బెత్తెడు. నార పైకి లేవకుండా కిందికి పడుకుంటూ, సన్నటి పొట్టుగా రాలింది. చదును దగ్గరికి వచ్చి మిషను ఎత్తింది. బిట్టును కాస్త దించి మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ దించి మళ్ళీ. జిగురు పెట్టిన చోటు మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. చేతులు తిమ్మిరెక్కి, మెడ మీద చెమట పొట్టుతో కలిసి ముద్దయింది. ఆమె మనసులో వేరే మాట ఏదీ లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అన్న ఒక్క మాటే.

ఆఖరి చుట్టు అయ్యాక మిషను ఆపి చూస్తే, రెండు సగాలూ కలిసిన చోటు ఎక్కడో కంటికి దొరకలేదు.

కంటిని ఆమె నమ్మదు. గరుకు కాగితంతో పట్టి, ఆ పైన సన్నం కాగితంతో పట్టి, వదిన పాత గుడ్డముక్కల మూటలోంచి అన్నిటికన్నా పలచని పట్టు ముక్క తీసుకుని అంచు పొడుగునా మెల్లగా లాగింది. జిగురు చోట ఒక్క పోగు పట్టుకుంది. మళ్ళీ కాగితం. మళ్ళీ గుడ్డ. ఈసారి నీళ్ళ మీద జారినట్టు చివరిదాకా జారిపోయింది. ఆ తర్వాత పాత బల్ల కాళ్ళు దీనికి బిగించి, అన్నయ్యా ఆమే కలిసి ముందుగదిలో కిటికీ కింద పెట్టారు. గదిలోకి కొత్తగా కోసిన చెక్క వాసన వచ్చింది.

వదిన రాలేదు. తలుపు పక్కన, ఒళ్ళో గుడ్డ చుట్టిన కత్తెర పెట్టుకుని కూర్చుంది.

"ఒకసారి ఆనించి చూడొచ్చుగా" అన్నాడు అన్నయ్య.

"చూసి? బాగుంటే మాత్రం? ఇచ్చిన మాట ఇచ్చినట్టే. ఆవిడ వచ్చే వేళయింది." గొంతు గట్టిగానే ఉంది. వేళ్ళు మాత్రం గుడ్డ ముడిని బిగిస్తూ విప్పుతూ ఉన్నాయి. "నన్ను చూసి జాలిపడి చేసిన బల్ల మీద నేను ఏం కత్తిరించను? ఎవరిది కత్తిరించను? పట్టు గుడ్డ పాడుచేసినదాన్ని నమ్మి ఎవరిస్తారు?"

అంచులమ్మకు అప్పుడు తెలిసింది. బల్ల తను చేయగలిగింది, చేసింది. ఆవిడకు కావాల్సిన రెండోది తన చేతిలో లేదు. నమ్మి గుడ్డ ఇచ్చేవాళ్ళు బయటినుంచి రావాలి.

బొత్తాలమ్మ వచ్చింది. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతూ చంకలో గుడ్డల మూటతో వచ్చింది. "అబ్బ, వీధి చివర దాకా చెక్క వాసనే! ఏం వదినగారూ, బాగున్నారా?" అంటూ కూలబడింది. మూట ముడి సడలి జారుడు గుడ్డ ఒకటి, నీలం రంగుది, నేల మీదికి ఒలికింది. ఆమె దాన్ని ఎత్తుతుంటే అది ఇంకో పక్కనుంచి జారింది. "చూశారా ఈ పీడ! పాములా ఉంది. పొద్దుట్నుంచి ఎలా పరిచినా నా మాట వినట్లేదు. ఎవరో పెద్దింటావిడది, పాడైతే నా గతేంటి? అందుకే మీ కత్తెర కోసం పరిగెత్తుకుంటూ వచ్చా."

వదిన కళ్ళు ఆ గుడ్డ మీద పడ్డాయి. వెంటనే పక్కకు తిప్పుకుంది. ఒళ్ళోని కత్తెర రెండు చేతులా ఎత్తి ముందుకు చాచింది.

బొత్తాలమ్మ చెయ్యి చాపేలోపు అంచులమ్మ లేచి మధ్యకు వచ్చి నిలబడింది. జుట్టునిండా ఇంకా పొట్టు. తనకోసం ఎవరినీ చెంబెడు నీళ్ళయినా అడగని మనిషి ఆమె. అన్నయ్య తలెత్తి చూశాడు.

"బొత్తాలమ్మగారూ, మీరు నాకొక ఉపకారం చెయ్యాలి."

"అయ్యో, చెప్పమ్మా."

"కత్తెర మీదే, నేను అడ్డం చెప్పను. పొద్దుట్నుంచి ఈ బల్లకు అంచు తిప్పాను. చెయ్యి ఆనించి పనిచేస్తే తప్ప అది కుదిరిందో లేదో నాకు తెలియదు. రేపు మేస్త్రీ అడిగితే ఏం చెప్పను? మీ దగ్గరున్న గుడ్డల్లో తేలికవి వద్దు. ఆ నీలంది, మీ మాట వినని ఆ గుడ్డే, నా బల్ల మీద పరవనివ్వండి. మా వదిన చేత కత్తిరించుకుని మరీ వెళ్ళండి."

బొత్తాలమ్మ నీలం గుడ్డ తీసి అంచులమ్మ చేతిలో పెట్టగానే, వదిన "పరిచేటప్పుడు లాగకు, సాగి చస్తుంది" అంటూ చాచిన కత్తెర మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బల్ల వైపు చక్రాలు తిప్పింది.